శిస్తు నుంచి సబ్సిడీ దాకా

"సర్కారు సొమ్ము" అనే మాట మన పల్లెల్లో ఒక విధంగానూ, మన హాస్టళ్ళలో మరొక విధంగానూ వాడుకలో ఉంది. పల్లెలో సర్కారు సొమ్మంటే ఎక్కడో పైనుంచి వచ్చేది, దరఖాస్తు పెట్టి తెచ్చుకోవలసినది, దొరికినంత వరకు వదలకూడనిది. హాస్టల్లో భోజనాల తర్వాత జరిగే చర్చల్లో అదే సొమ్ము "మేం కట్టే పన్ను" అవుతుంది. ఆ పన్నుతో గవర్నమెంటు ఊరికే బియ్యం పంచుతోందనీ, ఊరికే కరెంటు ఇస్తోందనీ, జనాన్ని సోమరులను చేస్తోందనీ మిత్రులు కొందరు ఆవేశపడతారు. నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ మాటలు నావైపు చూసి అన్నట్టే ఉంటాయి. నేను చదివేది ఫిజిక్సు. అర్థశాస్త్రం నా సబ్జెక్టు కాదు. అయినా పన్నులు, సంక్షేమం అనేవి ఏ ఒక్క డిపార్టుమెంటుకో చెందిన విషయాలు కావు గనుక, తెలిసినంతవరకు ఒక క్రమంలో పెట్టి చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

చూడవలసిన ప్రశ్నలు మూడు. పన్ను నిజంగా ఎవరు కడుతున్నారు? ఆ డబ్బుతో ప్రభుత్వం చేయవలసిన పని ఏది, చేయకూడని పని ఏది? ఆ రెంటినీ వేరుచేసి చూపే కొలబద్ద ఏమైనా ఉందా?

1. పన్ను అంటే ఏమిటి?

ప్రజల నుంచి ప్రభుత్వం చట్టప్రకారం తప్పనిసరిగా వసూలు చేసే సొమ్ము పన్ను. దానికి బదులుగా, కట్టినవాడికే ఫలానా వస్తువు ఇవ్వాలన్న షరతు ఉండదు. బస్సు టిక్కెట్టుకు ఇచ్చే డబ్బు పన్ను కాదు, ఎక్కినవాడే ఇస్తాడు గనుక. ఊరికి రోడ్డు వేయడానికి వాడే డబ్బు మాత్రం ఆ రోడ్డు మీద ఏనాడూ నడవనివాడి దగ్గర కూడా తీసుకొన్నదే. కట్టేవాడికి, అనుభవించేవాడికి మధ్య ఇలా తెగిపోయిన సంబంధాన్ని కలిపి ఉంచేది చట్టం ఒక్కటే. అందుకే మన రాజ్యాంగం 265వ అధికరణం, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అని చెప్పింది.

పన్ను ఎలా ఉండాలన్న దానికి ఆడమ్ స్మిత్ 1776లో నాలుగు సూత్రాలు చెప్పాడు. శక్తిని బట్టి కట్టించాలి. ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో ముందే నిశ్చయంగా తెలియాలి. కట్టేవాడికి వీలైన సమయంలో వసూలు చేయాలి. వసూలుకయ్యే ఖర్చు తక్కువగా ఉండాలి. రైతుబిడ్డకు ఇందులో మూడవ సూత్రం చెప్పకుండానే అర్థమవుతుంది. పంట కల్లంలో ఉండగానే శిస్తు గడువు వచ్చి పడితే, రైతు షావుకారు దగ్గరికి పోక తప్పదు. అప్పుడు అతను కట్టే పన్ను రెండు భాగాలవుతుంది, ఒకటి సర్కారుకు, మరొకటి వడ్డీ రూపంలో షావుకారుకు.

ఆదాయపు పన్ను వంటివి ప్రత్యక్ష పన్నులు. ఎవరి మీద వేశారో వాళ్ళే మోస్తారు. సరుకుల ధరలో కలిసి వచ్చేవి పరోక్ష పన్నులు. అంగడివాడు కట్టినట్టు కనబడతాడు గాని మోసేది కొనేవాడు. ఈ తేడాతో తర్వాత చాలా పని ఉంది.

2. చెరువు ముందా, శిస్తు ముందా?

శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెబుతూ, దేశం చిన్నదైనా గుంటలు, కాలువలు త్రవ్వించి, పన్నులోనూ పంట భాగంలోనూ పేద రైతుకు వెసులుబాటు చూపిస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్న భావం చెప్పాడు. పదహారవ శతాబ్దపు రాజు మాట అయినా ఇందులోని క్రమం గమనించదగినది. మొదట నీళ్ళు, తర్వాత పన్ను.

కంపెనీ పాలనలో ఈ క్రమం తారుమారయింది. 1800లో నిజాం దత్తమండలాలను, అంటే నేటి రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాడు. అక్కడ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో జమీందారు మధ్యలో లేకుండా ప్రతి రైతుకూ విడిగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని నడిపించాడు. పద్ధతి మంచిదే, కాని శిస్తు బరువెక్కువ. ఆ సంగతి మన్రోకే తెలిసి, 1807లో శిస్తును నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. అప్పట్లో పైవాళ్ళు ఒప్పుకోలేదు.

కోస్తాలో సంగతి ఇంకా ఘోరం. 1832-33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువును నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువనీ, మనుషులు ఎముకల గూళ్ళయిపోయారు గనుక డొక్కల కరువనీ అన్నారు. పక్కనే కృష్ణ, గోదావరి సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. ఆ నీటిని ఆపి పొలానికి మళ్ళించడం ఏ ఒక్క రైతు వల్లా, ఏ ఒక్క ఊరి వల్లా అయ్యే పని కాదు. ఆర్థర్ కాటన్ వాదించి ఒప్పించిన తర్వాత 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పూర్తిచేశారు. వెంటనే 1852-55లో విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టారు. ఆ డెల్టాలు అన్నపూర్ణలయ్యాయి. సర్కారుకు నీటి తీరువా, శిస్తు పెరిగి, పెట్టిన ఖర్చు లాభంతో సహా తిరిగి వచ్చింది. దయతో కట్టారా, ఆదాయం కోసం కట్టారా అన్న వాదన అలా ఉంచితే, ఇందులో మనకు పనికివచ్చే పాఠం ఒకటుంది. ఒంటరిగా ఎవరూ చేసుకోలేని పనిని అందరి సొమ్ముతో చేస్తే, అందరి రాబడీ పెరుగుతుంది. పెరిగిన రాబడిలోంచి ఇచ్చిన పన్ను బరువనిపించదు.

ఇదే పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించి చూసిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వింది. పెట్టుబడి మీద వడ్డీకి ప్రభుత్వం హామీ ఉంది. నష్టం వచ్చినా కంపెనీకి వడ్డీ వస్తుంది గనుక జాగ్రత్త తగ్గింది, ఖర్చు పెరిగింది, అనుకొన్న ఆయకట్టు రాలేదు. చివరకు 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనుక్కొన్నది. లాభం కంపెనీది, నష్టం ప్రజలది అనే ఏర్పాటు ఎక్కడ కనబడినా ఈ కె.సి. కాలువను గుర్తు చేసుకోవడం మంచిది.

3. జోక్యం చేసుకోని ప్రభుత్వం

"ప్రభుత్వం ఎంత తక్కువ చేస్తే అంత మంచిది, మార్కెట్టే అన్నీ సర్దుకొంటుంది" అనే వాదన ఈనాడు కొత్తగా వినిపిస్తున్నట్టుంది గాని, ఆ వాదనను మన తెలుగు జిల్లాల మీద ఒకసారి పూర్తిగా ప్రయోగించి చూశారు. 1876-78 కరువు, మనవాళ్ళు ధాత కరువని పిలిచినది, మద్రాసు రాజధానిని ఊడ్చిపెట్టింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ప్రభుత్వం తరఫున ధాన్యం కొని నిల్వచేయబోతే, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం ధాన్యం వ్యాపారంలో సర్కారు తలదూర్చరాదని అభ్యంతరం చెప్పింది. అప్పటికి రైళ్ళున్నాయి. రైళ్ళు ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి మోయలేదు, ధర ఉన్నచోటికి మోశాయి. చేతిలో డబ్బు లేనివాడి ఆకలిని మార్కెట్టు లెక్కలోకి తీసుకోదు. అది దాని దోషం కూడా కాదు, దాని స్వభావం అంత.

ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా స్థాయికి కుదించాడు. పౌను అంటే నాలుగు వందల యాభై గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఖజానా మిగులుతుందని ఒకరు, మనిషి మిగలడని మరొకరు వాదించారన్నమాట. తర్వాత కూలి కొంత పెంచారు గాని అప్పటికే లక్షలాది మంది పోయారు. 1880లో కరువు కమిషను నివేదిక వచ్చి, కరువు వస్తే ప్రభుత్వం ఏం చేయాలో ముందే వ్రాసిపెట్టే కరువు నియమావళులు ఏర్పడ్డాయి. ఆకలి చావును ఆపడం దానం కాదు, ప్రభుత్వ విధి అనే ఆలోచన మన దేశంలో కాగితం మీదికి ఎక్కడం అక్కడినుంచి మొదలయిందని చెప్పవచ్చు.

4. అంగీకారం లేని పన్ను

265వ అధికరణం వెనుక చరిత్ర ఉందని చెప్పడానికి మన జిల్లాలే చాలు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. మునిసిపాలిటీ మాకు వద్దని జనం మొరపెట్టుకొన్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళు వాకిళ్ళు వదిలి, ఊరి సరిహద్దు దాటి పాకలు వేసుకొని, దానికి రామనగరం అని పేరు పెట్టి రమారమి పదకొండు నెలలు గడిపారు. అదే కాలంలో పల్నాడులో అడవిలో పశువులను మేపినందుకు పుల్లరి కట్టమన్నారు. కట్టబోమని నిలబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలయ్యాడు. పెదనందిపాడు ఫిర్కాలో రైతులు శిస్తు నిరాకరించి, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చి సర్కారును నిలబెట్టేశారు.

నైజాం వైపు పన్ను డబ్బు రూపంలోనే లేదు. వెట్టి రూపంలో మనిషి ఒంటి మీదే పన్ను వేశారు. యుద్ధకాలంలో లెవీ పేరుతో ఇంట్లో తిండిగింజలు కూడా ఊడ్చుకుపోయారు. 1946-51 తెలంగాణ రైతాంగ పోరాటానికి ఇవన్నీ కారణాలే.

ఈ పోరాటాల్లో జనం అడిగింది పన్నే లేని రాజ్యం కాదు. మమ్మల్ని అడిగి వేయండి, తీసుకొన్నది మాకు కనబడేలా ఖర్చు చేయండి అన్నారు. ఇప్పుడు ఓటు ద్వారా మనల్ని అడుగుతున్నారు. కాబట్టి ఆనాడు సర్కారును అడిగిన ప్రశ్నలు ఈనాడు మనల్ని మనం వేసుకోవాలి.

5. ఈనాడు పన్ను కడుతున్నది ఎవరు?

ఇక హాస్టలు చర్చకు వద్దాం. "మేం కట్టే పన్ను" అని మిత్రులు అనేది సాధారణంగా ఆదాయపు పన్ను గురించి. దాన్ని కట్టేది మన జనాభాలో కొద్దిమంది. పైగా 2025 బడ్జెట్టులో కొత్త పద్ధతి ప్రకారం పన్నెండు లక్షల వార్షికాదాయం దాకా పన్ను పడకుండా రాయితీ ఇచ్చారు. అంటే చాలామంది జీతగాళ్ళు కూడా ఆ పన్ను కట్టరు. కాని 2017 జూలై 1 నుంచి వచ్చిన జి.ఎస్.టి. మాత్రం కూలివాడు, కలెక్టరు అనే తేడా లేకుండా అందరి దగ్గరా పుచ్చుకొంటుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. సెల్‌ఫోన్ రీఛార్జి మీద జి.ఎస్.టి. 18 శాతం. 299 రూపాయల రీఛార్జిలో దాదాపు 45 రూపాయలు పన్ను. నెలకు తొమ్మిది వేలు సంపాదించే కూలికి అది ఆదాయంలో అర శాతం. తొంభై వేలు తెచ్చుకొనే ఉద్యోగికి అరలో పదోవంతు, అంటే 0.05 శాతం. పన్ను రేటు ఇద్దరికీ ఒకటే, బరువు మాత్రం పేదవాడి మీద పది రెట్లు. స్మిత్ చెప్పిన మొదటి సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. విడిగా కొనే బియ్యం, కూరగాయలు, పాల మీద పన్ను లేకపోవడం, 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు వంటి వాటిపై 18 నుంచి 5 శాతానికి తగ్గించడం మంచివే. అయినా పన్నే కట్టని మనిషి ఈ దేశంలో లేడు.

రైతు సంగతి ఇంకొంచెం చిత్రం. ఎరువుల మీద 5 శాతం, రసాయన పురుగుమందుల మీద 18 శాతం పన్ను ఉంది. పది వేల రూపాయల పురుగుమందుకు పద్దెనిమిది వందలు పన్ను. ఫ్యాక్టరీవాడైతే ముడిసరుకు మీద కట్టిన పన్నును, తాను అమ్మిన సరుకు మీద కట్టవలసిన పన్నులో మినహాయించుకొంటాడు. జి.ఎస్.టి.లో కీలకమంతా అదే. రైతు అమ్మే వడ్లు, మిర్చి మీద అతను జి.ఎస్.టి. వసూలు చేయడు గనుక అతనికి మినహాయించుకొనే దారి లేదు. కట్టింది కట్టినట్టే నెత్తిన పడుతుంది. ట్రాక్టరులో పోసే డీజిల్ అసలు జి.ఎస్.టి.లోనే లేదు. దానిమీద కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాటు విడివిడిగా వేస్తాయి. రైతులు పన్ను కట్టరు అన్న మాట ఈ రశీదులు చూడనివాళ్ళు అనే మాట.

6. ఒక చేత్తో బియ్యం, మరో చేత్తో సారా

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టినప్పుడు, ఇంత ఖర్చు ఎక్కడినుంచి తెస్తారని పెద్దలు విమర్శించారు. మెట్ట ఊళ్ళలో అంతకుముందు రోజువారీ తిండి జొన్న సంగటి, గంజి. వరి అన్నం పండగ వంట. పనిలేని రోజున పొయ్యి వెలగకపోవడం కూలి ఇళ్ళలో మామూలు. రేషను డిపో ఆ భయాన్ని తగ్గించింది. తిండికి భయం లేని కూలివాడు కూలి రేటు గురించి నోరు తెరిచి మాట్లాడగలడు. ఇది రైతుకు కొంచెం ఇబ్బందే, నేను ఆ వైపునుంచి కూడా చూస్తున్నాను. అయినా న్యాయం. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం దీన్ని హక్కుగా చేసింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే ధాన్యం ఉచితం.

అయితే ఆ కాలంలోనే ఖజానాకు పెద్ద రాబడి సారా వేలంపాటల నుంచి వచ్చేది. మగవాడు సారాకు పోసిన డబ్బులోంచి పన్ను తీసి, అతని భార్యకు చవక బియ్యం ఇచ్చినట్టయింది. ఈ గొలుసును అర్థం చేసుకొన్నది ఆర్థికవేత్తలు కాదు, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకొన్నది మాట్లాడుకొంటూ వాళ్ళు 1992 నాటికి సారా వ్యతిరేకోద్యమం లేవదీశారు. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. రాబడికి గండి పడింది. 1996లో బియ్యం ధర కిలోకు మూడున్నర రూపాయలయింది. 1997లో నిషేధం ఎత్తివేశారు.

ఈ కథలో ఎవరిని తప్పుపట్టినా, ఒక విషయం మిగులుతుంది. ఏ సంక్షేమ పథకమైనా అది నిలబడే ఆదాయం ఎలాంటిదో చూడాలి. ప్రజలు చెడిపోతేనే పెరిగే ఆదాయం మీద ప్రజల మేలు ఎంతకాలం నిలబడుతుంది? అప్పు చేసి పంచితే అది కూడా అంతే. ఈనాటి అప్పు అంటే మన తమ్ముళ్ళు కట్టబోయే పన్ను.

7. ఉచిత కరెంటు: ఒక ఫిజిక్సు లెక్క

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలయింది. మాది బోరు కింద సేద్యం. బిల్లు కట్టలేక స్టార్టరు ఫ్యూజులు పీకించుకొన్న రోజుల గురించి మా నాయన చెబుతుంటాడు. ఆ రోజుల్లో ఆ సంతకం ఎంతమందికి ఊపిరి పోసిందో మాకు తెలుసు. కాబట్టి నేను చెప్పబోయే లెక్కను రైతు వ్యతిరేకంగా ఎవరూ తీసుకోకూడదు.

వరికి సుమారు 120 సెంటీమీటర్ల నీరు కావాలనుకొందాం. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్ల, అంటే 4,850 టన్నుల నీరు. ఒక టన్ను నీటిని 60 మీటర్ల లోతునుంచి పైకి తేవడానికి చేయవలసిన పని, మనం ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రం ప్రకారం, 5,88,000 జౌళ్ళు. అది 0.163 యూనిట్లు. మోటారు, పంపు, పైపుల నష్టాలు పోగా సామర్థ్యం 40 శాతం అనుకొంటే 0.41 యూనిట్లు. ఎకరా వరికి మొత్తం సుమారు 2,000 యూనిట్లు. యూనిట్టు ఖరీదు ఆరు రూపాయలు వేసుకొంటే పన్నెండు వేల రూపాయలు. నీరు 120 మీటర్లకు దిగిపోతే అదే వరికి ఇరవై నాలుగు వేలు. 50 సెంటీమీటర్ల నీటితో పండే పంట వేస్తే 60 మీటర్ల దగ్గర ఐదు వేలు చాలు.

ఈ లెక్క మూడు సంగతులు చెబుతుంది. మొదటిది, భూగర్భజలం ఎంత దిగిపోతే సబ్సిడీ అంత పెరుగుతుంది. నీరు కాపాడుకొన్న ఊరికి తక్కువ, తోడేసిన ఊరికి ఎక్కువ ముడుతుంది. రెండవది, నాలుగు బోర్లున్న పెద్ద రైతుకు నాలుగింతలు, ఒక్క బోరున్నవాడికి ఒక వంతు, బోరే లేని మెట్ట రైతుకు సున్న. మూడవది, గోదావరి కాలువ కింద ఇదే నీరు భూమ్యాకర్షణ వల్ల ఒక్క యూనిట్టు ఖర్చు కాకుండా పొలానికి వస్తుంది. 1852లో చేసిన ఖర్చు నేటికీ ఫలిస్తోంది. కరెంటు మీద పెట్టిన ఖర్చు మాత్రం ప్రతి ఏడూ మళ్ళీ పెట్టాలి.

కాబట్టి ఉచితం తీసేయమనడం కాదు. కాలువ రాని చోట బోరు రైతుకు సాయం కావలసిందే. ఒక్కో కనెక్షనుకు ఇంత అని హద్దు పెట్టి, మిగిలిన డబ్బును చెరువుల పూడికతీతకు, డ్రిప్పు పైపులకు మళ్ళిస్తే, ఆ ఖర్చు కాలువలా నిలిచి ఉంటుంది.

2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధులోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ఎకరానికి ఇంత అని పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికి ఇచ్చారు. ఎన్ని ఎకరాలుంటే అంత ఎక్కువ. పొలం దున్ని, మందు కొట్టి, నష్టం వస్తే అప్పుల పాలయ్యే కౌలు రైతుకు ఏమీ రాలేదు. సాయం భూమికి అందింది, సేద్యానికి అందలేదు.

8. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వద్దా?

ఇక మావాళ్ళకు రుచించని మాట ఒకటి చెప్పాలి. మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో జేమ్స్ విల్సన్ పెట్టాడు. 1886 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. అప్పట్లో శిస్తు బరువుగా ఉండేది గనుక అది సబబే. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం వ్యవసాయ ఆదాయంపై పన్నును రాష్ట్రాల జాబితాలో ఉంచింది. తర్వాత శిస్తు నామమాత్రమయింది గాని మినహాయింపు మిగిలింది. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాలపై పన్ను వేసే మార్గం సూచించింది. రాష్ట్రాలు ముట్టుకోలేదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే. జీతగాడికి పన్నెండు లక్షల దాకా పన్ను లేనప్పుడు, అదే హద్దు రైతుకూ పెడితే ఈ 86 శాతంలో దాదాపు ఎవరికీ నోటీసు రాదు. వచ్చేది పెద్ద తోటల యజమానులకు, పట్నంలో సంపాదించిన డబ్బును పొలం ఆదాయంగా చూపేవాళ్ళకు. చిన్న రైతును ముందు నిలబెట్టి అతని చాటున దాక్కొంటున్నది వాళ్ళే. వాళ్ళకోసం మనం ఎందుకు మాట పడాలి?

9. కొలబద్ద

పైన చెప్పినదంతా కలిపి చూస్తే ప్రభుత్వం పెట్టే ఏ ఖర్చునైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చునని నాకు తోస్తున్నది.

ఇది ఒక్కొక్కరు విడిగా చేసుకోలేని పనా? ఆనకట్ట, బడి, ఆసుపత్రి, అంటురోగాల నివారణ ఈ కోవలోకి వస్తాయి.

ఇది పడిపోతున్న మనిషిని పట్టుకొంటున్నదా? రేషను బియ్యం, వృద్ధాప్య పింఛను, కరువు పని ఇలాంటివి.

ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ ఇస్తున్నదా? అలా అయితే పేరు సంక్షేమం అయినా పని వేరు.

రేపటి నీటిని, రేపటి ఆదాయాన్ని ఈరోజే ఖర్చు చేస్తున్నదా? అలా అయితే ఎవరు కడతారో ఇప్పుడే చెప్పాలి.

ఈ కొలబద్దను ముందు మన మీదే పెట్టుకొందాం. యూనివర్శిటీ కాలేజీలో మనం కట్టే ఫీజుకూ, మన ఒక్కొక్కరి మీద అయ్యే ఖర్చుకూ పొంతన లేదు. లెక్చరర్ల జీతాలు, లాబొరేటరీ పరికరాలు, హాస్టలు భవనాలు, స్కాలర్‌షిప్పులు ప్రజల పన్నులోంచి వచ్చినవి. రీఛార్జికి నలభై అయిదు రూపాయలు పన్ను కట్టిన కూలివాడి పిల్లలు చాలామంది ఈ గేటు దాకా రాలేదు. రేషను కార్డు పట్టుకొన్నవాణ్ణి ఉచితాలు తినేవాడని అనే ముందు, మనమూ అలాంటి కార్డే పట్టుకొని ఇక్కడ కూర్చున్నామని తెలుసుకోవాలి. తేడా ఏమంటే మన కార్డుకు గౌరవం ఉంది. ఆ గౌరవానికి తగ్గట్టు, ఇక్కడ నేర్చుకొన్నది ఆ ఊళ్ళకు ఏదో రూపంలో తిరిగి చేరితే మన మీద పెట్టిన ఖర్చు కాలువ మీద పెట్టిన ఖర్చు వంటిదవుతుంది.

రాష్ట్ర బడ్జెట్టు పత్రాలు ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎవరైనా చూడవచ్చు. వచ్చే బడ్జెట్టు రోజున మన విద్యార్థి సంఘం ఒక సాయంత్రం అన్ని డిపార్టుమెంట్లవాళ్ళనూ కూర్చోబెట్టి, ఒక్కో పద్దునూ ఈ నాలుగు ప్రశ్నలతో చదివిస్తే బాగుంటుంది. సైన్సువాళ్ళు లెక్కలు చేస్తారు, ఆర్ట్సువాళ్ళు చరిత్ర చెబుతారు, పల్లెలనుంచి వచ్చినవాళ్ళు ఆ డబ్బు ఊరిదాకా చేరిందో లేదో చెబుతారు.